అన్నీ కుక్కలే ఉన్న పుస్తకం

పొద్దున్నే పొయ్యి మీద పాలగిన్నె పెట్టి, అది పొంగేలోగా ఒక చిత్తుకాగితాన్ని మడిచి పుస్తకం చెయ్యడం మడతక్కకు అలవాటు. గోడవారగా పేర్చి ఉన్న పాత కాగితాల్లోంచి ఒకటి లాగేది. సగానికి ఒక మడత, మళ్ళీ సగానికి, ఇంకోసారి సగానికి. ప్రతి మడత మీదా బొటనవేలి గోటితో ఒక్క గీటు. నడుమ దారం పోసి ముడివేసి, అంచులు కత్తిరించేసరికి పాలు పైకి లేస్తూ ఉండేవి. ఎందుకిదంతా అని ఎవరైనా అడిగితే, "మనం లేస్తే చాలా, వేళ్ళు లేవొద్దూ?" అనేది. ఆ చిట్టిపుస్తకాన్ని కిటికీలో పెట్టి, కళ్ళు మూసుకుని, "దేవుడా, ఈ రోజు నా చేతిమీదుగా ఏ పేజీ తలకిందులు కాకుండా చూడు తండ్రీ" అని దణ్ణం పెట్టుకునేది. ఆ దణ్ణమూ గబగబానే. అంత తొందరగా అడిగితే ఆయనకు వినబడుతుందా అని కొడుకు వేళాకోళం చేసేవాడు. వినబడేదనే అనుకోవాలి. అన్నేళ్ళుగా ఆవిడ చేతిమీదుగా వెళ్ళిన పుస్తకాల్లో పేజీ తప్పిందన్న ఫిర్యాదు ఎన్నడూ రాలేదు.

మడతక్క అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, ప్రెస్సు పెట్టిన పేరు. రెండు జడలు వేసుకునే వయసులో, చదువు నాలుగు తరగతులతో ఆగిపోయి, అచ్చు కాగితాలు మడిచే పనికి ఆ వెనక గదిలోకి వచ్చింది. అక్కడొక పొడుగుబల్ల ఉండేది. పుస్తకంలోని కాగితాలన్నీ వరసగా దొంతులు దొంతులుగా బల్ల చుట్టూ పెడతారు. పనివాళ్ళు బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కో దొంతిలోంచి ఒక్కో కాగితం ఏరుకుంటూ వస్తారు. చుట్టు పూర్తయ్యేసరికి చేతిలో ఒక పుస్తకం. మిగతావాళ్ళు ఒక చుట్టు తిరిగేలోగా మడతక్క రెండో చుట్టులో సగంలో ఉండేది.

మొదట్లో ఏరుతూ ఏరుతూ చదివేది కూడా. అయితే చేతికందింది అందినట్టు చదవడం వల్ల ఆవిడకు తెలిసిన కథలన్నీ నడుమలో మొదలై నడుమలోనే ఆగిపోయేవి. తర్వాత ఆ చదవడమూ మానేసింది. కన్ను కాగితం మీద నిలిస్తే కాలు నిలుస్తుంది. కాలు నిలిస్తే వెనకాలవాళ్ళు వచ్చి గుద్దుకుంటారు. అంచులు కలిశాయా, మూల మడత పడలేదు కదా, ఇంతవరకే ఆవిడ చూపు. లోపల ఏముందో చూసుకోవడం కొనుక్కున్నవాళ్ళ పని. పెనిమిటి తొందరగా పోయాడు. కొడుకు ఆ బల్ల కిందే, కాగితపు ముక్కల మధ్య పాకి పెద్దవాడయ్యాడు. వాడు నడక నేర్చింది కూడా తల్లి వెనకాల బల్ల చుట్టూ తిరిగే అని ప్రెస్సులో చెప్పుకునేవారు.

ఆ కొడుకు ఇప్పుడు సరుకుల బండి తోలుతున్నాడు. కోడలు, బుడ్డిది పుట్టేదాకా మందుల దుకాణంలో పనిచేసింది. ఒక మాత్ర అటూ ఇటూ అయితే ప్రాణం మీదికొచ్చే పని కనుక, దేనినైనా రెండుసార్లు చూసిగానీ ముట్టుకోని నిదానం ఆమెకు అబ్బింది. మడతక్కకు ఆ నిదానం చూస్తే ఒంట్లో చీమలు పాకినట్టుండేది.

"ఒసే నత్తమ్మా, నువ్వు గిన్నె కడిగేలోగా గిన్నెకు తుప్పు పడుతుందే!" అని చేతిలోంచి లాక్కునేది.

"ఇది స్టీలు గిన్నె అత్తయ్యా, తుప్పు పట్టదు" అనేది కోడలు, అంతే నిదానంగా.

"మా ఇంట్లో ఒకటి ఎక్స్‌ప్రెస్సు, ఒకటి గూడ్సు" అని కొడుకు నవ్వేవాడు. "నేను గేటు దగ్గర ఆగిపోయిన సైకిలువాణ్ణి."

ఇక బుడ్డిది. రెండో ఏడు నిండవస్తోంది. నడుస్తుంది, పరిగెడుతుంది, నవ్వుతుంది, కోపమొస్తే చెంచా విసిరేస్తుంది. మాట మాత్రం లేదు.

నెలకోసారి వీధిలో పసిపిల్లల్ని చూసిపోయే నర్సమ్మ ఆ విషయం అడిగిన రోజున కోడలు తలెత్తలేదు.

"అమ్మ అని కూడా అనదా?"

"ఏడుస్తూ 'మ్మ' అంటుందండీ. అది పిలుపో, ఏడుపో తెలీదు."

నర్సమ్మ పిల్ల వెనకాల చేరి గలగలా తాళాలగుత్తి ఊపింది. బుడ్డిది చటుక్కున తిరిగి చూసి, ఆ తాళాలకోసం చెయ్యి చాపింది. నర్సమ్మ అవి దానికే ఇచ్చేసి, కాసేపు ఆడుకోనిచ్చింది. పదిళ్ళు తిరగాల్సిన మనిషి అలా కూర్చుండిపోవడం కోడలికి కొండంత ధైర్యమిచ్చింది.

"చెవులు బాగానే ఉన్నాయి. భయపడకండి. పుట్టినరోజు వెళ్ళాక మళ్ళీ వస్తాను. అప్పటికీ ఏ మాటా రాకపోతే పెద్దాసుపత్రికి రాసిస్తాను, వాళ్ళు చూస్తారు. ఈలోగా రోజూ ఒళ్ళో కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకాలు చదవండి."

పుస్తకాలు అన్న మాట చెవిన పడగానే మడతక్క లేచి నిలబడింది. ఆ తర్వాత నర్సమ్మ ఏమందో ఆవిడ వినలేదు. అప్పటికే లోపలిగదిలో పెట్టె మూత తీసి వెతుకుతోంది. ఇన్నాళ్ళకు ఇంటికొచ్చిన కష్టానికి తన చేతిలో ఉన్న విద్యే మందయింది. ఇంకేం కావాలి? మిగతా మాటలు కోడలొక్కతే విన్నది.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది. మడతక్క ప్రెస్సు నుంచి వస్తూ సంచినిండా బొమ్మల పుస్తకాలు తెచ్చేది. అంచు నలిగినవి, రంగు మసకగా పడినవి, అమ్మకానికి పనికిరావని యజమాని పక్కన పడేసినవి. చెప్పులు విడిచీ విడవకుండానే పిల్లను ఒళ్ళో వేసుకునేది.

"ఇదిగో బంతి, ఇదిగో పిల్లి, ఇదిగో పడవ, ఇది చందమామ, ఇది కోడి, అయిపోయింది, ఇంకోటి!"

పేజీలు గాలికి కొట్టుకున్నట్టు పటపటా తిరిగిపోయేవి. బుడ్డిది పిల్లి మీద వేలు పెట్టేసరికి వేలికింద పడవ ఉండేది. పడవకేసి వంగేసరికి చందమామ వచ్చేసేది. కాసేపటికి అది పుస్తకాన్ని రెండు చేతులా మూసి, దానిమీద కూర్చునేది. లేకపోతే ఒళ్ళోంచి జారి బల్లకిందికి పారిపోయేది.

"పుస్తకమంటే దీనికి పడదే" అనేది మడతక్క. పైకి నవ్వేదిగానీ ఆ మాట ఆవిడకు ముల్లులా గుచ్చుకునేది. పుస్తకాలు కుట్టి బతికిన ఇంట్లో పుట్టిన పిల్ల పుస్తకం మీద కూర్చుంటుందా!

ఒకరోజు కోడలు పిల్లను పక్కన పెట్టుకుని ఒకే పేజీ తెరిచి కూర్చుంది. ఏమీ చదవడం లేదు. పిల్ల ఎటు చూస్తే అటు చూస్తోంది. మడతక్క గుమ్మంలోంచే చూసి ఉండబట్టలేకపోయింది.

"ఒక్క పేజీకే తెల్లారుస్తావా ఏంటే? ఇలా తే!"

"అత్తయ్యా, నర్సమ్మ కాస్త ఆగమని చెప్పింది..."

"ఆగితే ఎలాగే? పుట్టినరోజు ఆగుతుందా? ఆ పెద్దాసుపత్రి ఆగుతుందా?"

కోడలు పుస్తకం ఇచ్చేసింది. పెద్దావిడ పొద్దంతా నిలబడి పనిచేసి వచ్చింది, ఆవిడ కాళ్ళు వాచి ఉన్నాయి. మాట పెంచడం ఎందుకని వెళ్ళి వేడినీళ్ళు పెట్టింది.

పుట్టినరోజు దగ్గరపడేకొద్దీ మడతక్కకు ఒకచోట కాలు నిలవడం మానేసింది. కూర్చుంటే లేచేది, లేస్తే ఎందుకు లేచిందో మరిచిపోయేది. వేసిన తలుపు మళ్ళీ వేసేది. దానికితోడు పైమేడ పిన్నిగారు. ఆవిడ మనవడు బుడ్డిదానికన్నా చిన్నవాడు, కాకిని చూసి కాకి అని, కారును చూసి కారు అని అరిచేవాడు.

"మావాడు నోరు మూయడు, మీది నోరు తెరవదు. ఇద్దర్నీ కలిపి చెరిసగం పంచితే సరిపోయేది వదినా!" అంది ఆవిడ మెట్లమీద నిలబడి.

"మీవాడికి నోరు ఎక్కణ్ణించి వచ్చిందో వేరే చెప్పాలా వదినా" అని మడతక్క నవ్వుతూనే అంటించింది. లోపలికొచ్చాక ఆ నవ్వు లేదు. ఉతికి మడిచిన బట్టల్ని విప్పి మళ్ళీ మడుస్తూ కూర్చుంది. పిన్నిగారు చెడ్డమనిషి కాదు. అలా అన్న సాయంత్రమే, మావాడికి వదులవుతున్నాయంటూ ఉన్ని మేజోళ్ళు తెచ్చి బుడ్డిదాని కాళ్ళకు తొడిగి వెళ్ళింది.

ఆ రోజుల్లోనే ప్రెస్సుకు పెద్ద పని వచ్చింది. నర్సమ్మ పనిచేసే ఆరోగ్యకేంద్రంవాళ్ళు పసిపిల్లలున్న ఇళ్ళకు పంచడానికి అట్టపుస్తకాలు వెయ్యమన్నారు. పిల్లలు కొరికినా చిరగని దళసరి అట్ట, పేజీకి ఒకే బొమ్మ. ఒక పెద్ద అట్టమీద ఒకే బొమ్మ వరసగా అచ్చువేస్తారు. కోత మిషను నడిపే కట్టర్ బాబాయి దాన్ని కోసి, కుక్కలన్నీ ఒక కట్ట, పిల్లులన్నీ ఒక కట్ట, పడవలన్నీ ఒక కట్టగా ఇస్తాడు. వాటిని బల్ల చుట్టూ వరసగా పేర్చి ఏరడం మడతక్క వంతు.

ఆ పొద్దున పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మడిచిన కాగితం సగంలోనే ఉంది. దణ్ణం పెట్టుకుందో లేదో ఆవిడకే గుర్తులేదు. పిల్లకు పుట్టినరోజు ఎల్లుండి. ప్రెస్సులో అడుగుపెట్టేటప్పుడు కూడా పెదవుల మీద అదే లెక్క ఆడుతోంది. కోత మిషను దగ్గర కుక్కల కట్ట పెద్దదిగా కనబడింది. అన్ని బొమ్మలూ అందులోనే ఉన్నాయనుకుని దాన్ని ఎత్తుకొచ్చి, దొంతులుగా విడగొట్టి, బల్ల చుట్టూ టకటకా పేర్చేసింది. ఏరడం మొదలుపెట్టింది. చుట్టు మీద చుట్టు. అంచులు కలిశాయి, మూలలు బాగున్నాయి. జిగురు పూసి, అట్ట అంటించి, బిగించి పక్కన పెట్టింది.

ఒక బుట్ట నిండాక యజమాని వచ్చి పైన ఉన్న పుస్తకం తీశాడు. తిరగేశాడు. ఆగాడు. మళ్ళీ మొదటినుంచి తిరగేశాడు.

"అక్కా, ఇందులో పిల్లి ఏదీ?"

"కుక్క తర్వాత ఉంటుంది బాబూ."

"కుక్క తర్వాత కుక్కే ఉంది. దాని తర్వాతా కుక్కే."

మడతక్క వచ్చి చూసింది. బుట్ట అడుగునున్నది తీసి చూసింది. అట్ట దగ్గర్నుంచి అట్ట దాకా అదే కుక్క. అక్కడే ముక్కాలిపీట మీద కూర్చుంది.

కట్టర్ బాబాయి మిషను ఆపి వచ్చాడు. "దీనికేముందయ్యా, పేరు మార్చి అమ్మేద్దాం. మొదటి భాగం కుక్క, రెండో భాగం మళ్ళీ కుక్క, మూడో భాగం ఇంకా అదే కుక్క!"

ఎవరూ నవ్వలేదు. మడతక్క కళ్ళలో నీళ్ళు తిరగడం అందరూ చూశారు. యజమాని పుస్తకం మూసి బుట్టలో పెట్టాడు. ఆయన కూడా ఒకప్పుడు తండ్రి వెంట వచ్చి ఆ బల్ల చుట్టూ ఆడుకున్నవాడే.

"అక్కా, నువ్వు మనిషివేనా, మిషనువా అని ఇన్నాళ్ళూ అనుమానంగా ఉండేది. ఇవాళ రుజువైంది. మనిషివే" అన్నాడు. "పద, నేనూ ఏరతాను. తగ్గిన కుక్కల్ని మళ్ళీ అచ్చువేయించి, సాయంత్రానికి సరిచేద్దాం."

అందరూ తలా ఒక చెయ్యి వేశారు. బాబాయి కూడా మిషను కట్టేసి, బల్ల చుట్టూ పడుతూ లేస్తూ తిరిగాడు. పని గట్టెక్కింది. వెళ్ళేటప్పుడు యజమాని, "జిగురు పడ్డాక ఇవి ఎలాగూ ఊడవు, మనవరాలికి ఒకటి పట్టుకెళ్ళు" అని ఆ తప్పు పుస్తకాల్లోంచి ఒకటి తీసి ఆవిడ సంచిలో పెట్టాడు. మంచి పుస్తకం కూడా ఒకటి పెట్టాడు.

ఇంటికొచ్చి సంచిని మూలకు విసిరి, మడతక్క గోడకు చేరగిలబడింది. ఈ రోజు ఎవరికీ ఏమీ చదవాలని లేదు. వంటగదిలో కోడలు కూరగాయలు తరుగుతోంది. బుడ్డిది సంచిని బోర్లించి, అందులోంచి ఒక పుస్తకం లాక్కుని, తనే వచ్చి నానమ్మ ఒళ్ళో చతికిలబడింది. అది కుక్కల పుస్తకం.

"నీకిదే దొరికిందా తల్లీ" అని నిట్టూర్చి తెరిచింది. "కుక్క." తిప్పింది. "కుక్క." ఇంకోటి. "ఇదీ కుక్కే. నానమ్మ తెలివి చూశావా?"

నాలుగు పేజీలయ్యాక చెప్పడానికి కొత్తమాట లేదు, తిప్పితే వచ్చే కొత్త బొమ్మా లేదు. చెయ్యి తనంతట తనే ఆగిపోయింది. నోరూ ఆగింది.

బుడ్డిది అరచెయ్యి తీసి కుక్క మీద వేసింది. అది జారిపోలేదు. వేళ్ళసందుల్లోంచి చూసింది, కుక్క అక్కడే ఉంది. చెయ్యి తీసి, వేలితో కుక్క చెవిని తాకింది. మడతక్క ఆ వేలివెంట చూసింది. కుక్క చెవుల్లో ఒకటి నిలబడి ఉంది, రెండోది ముందుకి మడిచి ఉంది. పొద్దుటినుంచి ఈ కుక్కను ఎన్నిసార్లు చేత్తో పట్టుకుందో! దానికి మడతచెవి ఉందని ఇప్పుడే చూస్తోంది. నాలుక చివరకు ఏదో వచ్చిందిగానీ, అలసటో, సిగ్గో, మాట పైకి రాలేదు.

బుడ్డిది కుక్కను చూసింది. తలెత్తి నానమ్మ మొహం చూసింది. మళ్ళీ కుక్కను చూసింది. వంటగదిలో కత్తిపీట చప్పుడు ఆగింది.

"బౌ" అంది బుడ్డిది.

మడతక్క ఒక్క ఉదుటున ముందుకు వంగింది. "అన్నావా! అవునే నా తల్లీ, బౌ బౌ! అమ్మాయ్, విన్నావా? ఇదిగో, ఇంకోటి చూపిస్తాను, ఇదిగో పిల్లి, మ్యావ్, ఇదిగో కోడి, ఇదిగో పడవ..." ఎప్పుడు లాక్కుందో, మంచి పుస్తకం చేతిలోకొచ్చేసింది. పేజీలు పటపటా తిరిగిపోతున్నాయి.

బుడ్డిది పెదవులు మూసుకుంది. ఒళ్ళోంచి జారి, కుక్కల పుస్తకాన్ని ఈడ్చుకుంటూ బల్లకిందికి వెళ్ళిపోయింది.

కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. చేతికి కూరగాయల తడి. బల్లకిందికి చూసి, తర్వాత అత్తగారి చేతులకేసి చూసింది. ఆ చూపే మడతక్కకు చెంపమీద కొట్టినట్టయింది. చేతిలోని పుస్తకాన్ని, దాన్ని పట్టుకున్న వేళ్ళనీ చూసుకుంది. అవి ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

"ఆవేళ నర్సమ్మ ఇంకా ఏం చెప్పిందే?" అంది, గొంతు తగ్గించి.

"చెప్పి ఆగమందత్తయ్యా. పిల్ల చూసేదాకా చూడనివ్వమంది. మన మాట అయ్యాక దాని వంతు దానికి వదలమంది. పుస్తకం పూర్తికాకపోయినా ఫరవాలేదంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

కోడలు చేతి తడి కొంగుకు తుడుచుకుంది. "చెప్పబోయానండీ."

చెప్పబోయిన రోజు మడతక్కకు గుర్తొచ్చింది.

మర్నాడు సాయంత్రం ఆవిడ తనంతట తనే ప్రయత్నించింది. బుడ్డిది కుక్కల పుస్తకమే తెచ్చింది. ఒక పేజీ తెరిచి, కుడిచేతిని తొడకింద పెట్టుకుని కూర్చుంది. ఎడమచెయ్యి వెళ్ళి పేజీ తిప్పేసింది. ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుంది. ఈసారి నోరు పరిగెత్తింది. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క వేగం ఇచ్చి పంపుతాడు. అది వద్దనుకున్నా వదిలేది కాదు. ఇన్నేళ్ళు అన్నంపెట్టిన చేతులు ఇప్పుడు చెప్పినమాట వినమంటే వింటాయా? బుడ్డిది రెండుసార్లు మొహంలోకి చూసింది, రెండుసార్లూ మాట దానికి అందేలోగా నానమ్మే అందుకుంది. అది లేచి వెళ్ళలేదు. అదొక్కటే మేలు.

తెల్లారితే పుట్టినరోజు. ఆ తర్వాత ఏ రోజైనా నర్సమ్మ రావచ్చు. ఆ "బౌ" మాట కిందికి వస్తుందో రాదో, వచ్చినా ఒక్కటి సరిపోతుందో లేదో ఎవరికి తెలుసు? మడతక్క లేచింది. కిటికీ దాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. వంటగది గుమ్మం దగ్గర ఆగింది. లోపల కోడలు ఒక్కో గ్లాసునూ వెలుతురుకేసి ఎత్తి చూసి తుడుస్తోంది. ఎప్పుడూ లాక్కునే ఆ గ్లాసును ఈసారి లాక్కోలేదు. అది తుడవడం అయ్యేదాకా నిలబడింది. చాలాసేపే పట్టింది.

"అమ్మాయ్" అంది. నత్తమ్మా అనలేదు. "నాకొక సాయం చేసిపెట్టాలి."

కోడలు గ్లాసు కింద పెట్టి తిరిగింది. "చెప్పండత్తయ్యా."

"నేను దాన్ని ఒళ్ళో వేసుకుని పుస్తకం తెరిచినప్పుడల్లా, ఎంత పనిలో ఉన్నా వచ్చి నా పక్కన కూర్చో. కూర్చుని, ఇదిగో, ఇక్కడ, ఈ మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకో. నా నోరు పరిగెడితే ఒక నొక్కు నొక్కు. నేనెంత గింజుకున్నా, కసురుకున్నా సరే, దాని వంతు అయ్యేదాకా వదలకు."